అరుంధతిని ఎడమకి తోలండి

మా అమ్మకి నా మీద మొట్టమొదట అనుమానం వచ్చింది నా చెప్పు చూసి.

గాజువాకలో రెండో అంతస్తు ఇల్లు మాది. బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు నుంచి వచ్చి గుమ్మం బయట చెప్పులు వదిలి లోపలికి అడుగు పెట్టానో లేదో, అమ్మ నా కుడి చెప్పు చేత్తో ఎత్తి వెలుతుర్లో అటూ ఇటూ తిప్పింది. అమ్మ ఆర్టీసీ డిపోలో టైర్ల స్టోరులో పనిచేస్తుంది. ఇంట్లో కూడా అదే చూపు.

"ఏటే ఇది? బయటి పక్క ఒక్కటే అరిగిపోయింది. ఎడమది చూస్తే కొత్తదాన్లా ఉంది."

"నేనేటి పల్లె వెలుగు బస్సునా అమ్మా, అలా తిప్పి తిప్పి చూస్తున్నావు?"

"వెటకారాలాడకు. మెట్లెక్కినప్పుడు చప్పుడు కూడా నీది కాదు. నీ అడుగు నాకు తెల్దేటి? వొంట్లోకి ఏటైనా ఎక్కించుకుంటన్నావేటే? ఆటలోళ్ళు ఇంజెక్షన్లూ అవీ పొడిపించుకుంటారంట కదా."

"ఛీ! అలాంటిదేం లేదు."

లేదని గట్టిగానే అన్నాను గానీ అమ్మ కళ్ళలోకి చూడలేదు. ఎందుకంటే ఎక్కించుకుంటున్న మాట నిజం. మందు కాదు, మనిషిని.

ఆ మనిషి పేరు మేకల అరుంధతి. సికింద్రాబాద్ కామెట్స్ టీములో బంతిని నడిపించే గార్డు. ఆరడుగుల ఎత్తు, బంతి ఆమె చేతికి అతికించి పుట్టించారేమో అన్నట్టు ఉంటుంది, లీగ్ మొత్తం మీద ఆమెని ఒంటరిగా ఆపిన అమ్మాయి ఒక్కతి లేదు! మా వైజాగ్ వేవ్స్‌కి ఆ సంవత్సరం ఫైనల్లో తగిలింది ఆవిడే. ఫైనల్ అంటే ఒక మ్యాచ్ కాదు, ఐదు మ్యాచుల సిరీస్, ఎవరు ముందు మూడు గెలిస్తే వాళ్ళది కప్పు. అంటే అరుంధతిని ఒక్కసారి అదృష్టం బావుండి ఆపితే సరిపోదు. మళ్ళీ మళ్ళీ ఆపాలి.

ఇలాంటి సిరీస్ ముందు ప్రతి టీములోనూ ఒక పద్ధతి ఉంటుంది. బెంచీ మీద కూర్చునే ఒక అమ్మాయికి అవతలి స్టార్ నంబరు జెర్సీ తొడిగి, ప్రాక్టీసులో ఆ స్టార్‌లాగే ఆడమంటారు. మిగతావాళ్ళు ఆ అమ్మాయిని ఆపడం నేర్చుకుంటారు. మా టీములో ఆ అమ్మాయిని నేనే, గొర్లె దమయంతిని. జెర్సీ తొడిగిన క్షణం నుంచి నన్ను ఎవరూ దమ్మూ అని పిలవరు. నీళ్ళు కావాలన్నా "అరూ, ఆ సీసా ఇలా ఇవ్వు" అంటారు. కోచ్ ప్రసన్నకుమార్ సర్ రూలు అది.

ఇక్కడివరకూ అందరూ చేసేదే. ఆ తర్వాతది మాత్రం ఎవరూ చేయలేదు.

నడుము నుంచి మడమ దాకా పట్టే పల్చటి నల్లటి తొడుగు. భుజాలకి ఇంకో ముక్క. లోపలంతా సన్నటి తీగలు. తెచ్చింది మనుషుల నడక మీద పరిశోధన చేసే సువర్చల మేడమ్. పక్షవాతం వచ్చినవాళ్ళకి నడక నేర్పడానికి తయారుచేసిన వస్తువట, దాన్ని మా కోసం మార్చింది. అరుంధతి ఆడిన మ్యాచుల వీడియోలన్నీ మెషిన్‌కి తినిపించింది, ఏ కండరం ఎప్పుడు బిగిసిందో ఏది ఎప్పుడు వదులైందో మెషిన్ లెక్క కట్టింది, ఆ లెక్క ప్రకారం తొడుగు నా కండరాలని చిన్నగా గిల్లుతుంది. టీములో అందరం దాన్ని నీడ అనేవాళ్ళం. మ్యాచుల్లో వేసుకోకూడదు, రూల్సు ఒప్పుకోవు. ప్రాక్టీసుకే.

మొదటి రోజు వేసుకుని బంతి పట్టుకోగానే ఒళ్ళంతా చీమలు పాకినట్టైంది. నేను కుడికి వెళ్దామనుకుంటే కాలు ఆగిపోయింది.

"పోట్లాడకమ్మా దానితో," అంది సువర్చల మేడమ్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. "నువ్వు ఆడకు. ఒళ్ళు వదిలెయ్. దాన్ని ఆడనీ."

వదిలేశాను. మా కెప్టెన్ పుష్యమి నా ఎదురుగా కాళ్ళు వెడల్పుగా పెట్టి, చేతులు చాపి నిలబడింది. నా ఎడమ భుజం ఒక్కసారి దిగింది, పుష్యమి బరువు అటు పడింది, అంతే! నేను ఆమె ఎడమ పక్కనుంచి జారిపోయి రింగు కింద ఉన్నాను. బంతి నెట్‌లోంచి పడింది. నాలుగేళ్ళుగా నేను పుష్యమిని ఒక్కసారి కూడా దాటలేదు!

"ఒసే దమ్మూ, ఏం తిన్నావే పొద్దున్న?" అంది పుష్యమి నోరు తెరిచి.

"దమ్మూ కాదు, అరూ," అన్నారు సర్.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పాలో తెలియడం లేదు. బెంచీ మీద తువ్వాళ్ళు అందించే నా ఒళ్ళు, అంత అందంగా కదలగలదని తెలియడం! నన్ను ఎవరో మొదటిసారి సరిగ్గా వాడారనిపించింది.

నెల తిరిగేసరికి తొడుగు విప్పేసినా ఆ కదలికలు పోవడం మానేశాయి. సిటీ బస్సు ఎక్కేటప్పుడు ఒళ్ళు విరుచుకునే తీరు, క్యూలో నిలబడితే బరువంతా ఎడమ కాలి మీద వేసే తీరు, అన్నీ అరుంధతివే. సిరీస్ మొదలైంది. నా మీద నేర్చుకున్నదంతా మావాళ్ళు అసలు మనిషి మీద ప్రయోగించారు. కొన్ని రోజులు పనిచేసింది, కొన్ని రోజులు ఆవిడ మా అందరినీ చితక్కొట్టింది. నాలుగు మ్యాచులు ముగిసేసరికి చెరో రెండు.

సరిగ్గా అప్పుడే నా కుడి మోకాల్లో నొప్పి మొదలైంది.

లోపల, చిప్ప వెనకాల, మెట్లు దిగేటప్పుడు సూదితో పొడిచినట్టు. నాకు ఆ మోకాలికి ఎప్పుడూ దెబ్బ తగల్లేదు. టీమ్ డాక్టరు స్కాన్ తీయించి, ఫిల్ము చూసి, నా మొహం చూసి, మళ్ళీ ఫిల్ము చూశాడు.

"ఏమీ లేదే."

"నొప్పిగా ఉంది సర్."

"ఎక్కడో చూపించు. నొక్కితే?"

"నొక్కితే లేదు."

ఆయన ఫిల్ముని కవర్లో పెట్టేసి తర్వాతి వాళ్ళని పిలిచాడు. డ్రెస్సింగ్ రూముకి వచ్చేసరికి ఆ వార్త నాకంటే ముందే చేరిపోయింది.

"స్కాన్‌లో లేదంట, నొక్కితే లేదంట, ఈవిడ గారికి మాత్రం నొప్పంట," అంది పుష్యమి బూటు తాడు బిగిస్తూ. "నెల రోజులు అరుంధతి వేషం కట్టేసరికి స్టార్‌నైపోయాననుకుంటోంది. రెస్ట్ కావాలమ్మా! ఐదో మ్యాచ్ ముందు!"

"నాటకం కాదు పుష్యమీ."

"మరి ఎవరి నొప్పే అది?"

ఊరికే దెప్పడానికి అన్న మాటే. కానీ నేను తువ్వాలు పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ఎవరి నొప్పి అది?

మర్నాడు పొద్దున్నే సువర్చల మేడమ్ ల్యాబుకి వెళ్ళాను. ల్యాబంటే సినిమాల్లోలా ఏమీ ఉండదు, ఎంవీపీ కాలనీలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ పైన రెండు గదులు, మూల ట్రెడ్‌మిల్, కిటికీ మీద ఆరేసిన నల్ల తొడుగులు. నేను అడిగింది విని మేడమ్ నవ్వేస్తుందనుకున్నాను. నవ్వలేదు. ట్రెడ్‌మిల్ మీద నడిపించింది, లాప్‌టాప్ తెర మీద నా నడక పక్కన అరుంధతి నడక పెట్టింది, కాఫీ చల్లారిపోయింది, ఆవిడ తాగలేదు.

"దమయంతీ, ఈవిడ కుడికాలు నేల మీద ఆనించే ముందు తుంటి కొంచెం పక్కకి తిప్పుతోంది. చూడు. ఇక్కడా. ఇక్కడా. కంటికి కనపడదు. కుంటడం కాదిది. నొప్పి తగలకుండా ఒళ్ళు దానంతట అది సర్దుకోవడం."

"అంటే?"

"అంటే ఆవిడ మోకాల్లో దెబ్బ ఉంది. బహుశా ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఒళ్ళు దాన్ని దాస్తోంది. మెషిన్‌కి దాచడం కూడా ఆటలో భాగమే అనిపించింది, నీకు అదీ నేర్పేసింది. లేని దెబ్బని కాచుకుంటూ నడిచీ నడిచీ నీ మంచి మోకాలు నొప్పెడుతోంది."

ఆ తర్వాత మేడమ్ చేసిన పని చేయకుండా ఉంటే ఎంత బావుండేది! ఆ మోకాలు ఎంతవరకు ఆగుతుందోనని లెక్కని ముందుకి నడిపించి చూసింది. తెర మీద గీతలతో గీసిన అరుంధతి ఉత్త బొమ్మ. కుడికి వెళ్ళినప్పుడు ఎడమ కాలితో ఎగురుతుంది, ఏమీ కాలేదు. ఎడమకి వెళ్ళినప్పుడు కుడి కాలి మీద బరువంతా వేసి ఎగురుతుంది. రెండుసార్లు ఎగిరింది. మూడోసారికి మోకాలి దగ్గర గీత ఎర్రబడి తెగిపోయింది.

"లిగమెంట్," అంది మేడమ్ మెల్లగా. "రెస్ట్ తీసుకుంటే మానుతుంది. ఇలాగే ఆడితే..."

"ఎడమకి వెళ్తే పోతుందన్నమాట," అన్న గొంతు మా వెనకనుంచి వినిపించింది.

ప్రసన్నకుమార్ సర్. మేడమ్ ఎప్పుడు ఫోన్ చేసిందో తెలియదు. చేతులు కట్టుకుని తెరకేసి చూస్తున్నారు. ఆ కళ్ళు ఎంతసేపటికీ ఆ ఎర్ర గీత మీదనుంచి కదల్లేదు.

"ఎల్లుండి ప్లాన్ ఇదే. అరుంధతిని ఎడమకి తోలండి. మ్యాచ్ మొత్తం. కుడి పక్క తలుపేసెయ్యండి."

"సర్! ఆవిడ మోకాలు పోతుంది సర్!"

"ఏందమ్మాయ్ అట్టా అరుస్తావ్? నేనేమన్నా కర్ర పెట్టి కొట్టమన్నానా? కుడిచేతి ప్లేయర్ని ఎడమకి తోలడం ప్రపంచంలో ప్రతి కోచూ చెప్పేదే. నిన్న మొన్నటిదాకా మనమూ చేసిందే."

"అప్పుడు మనకి తెలియదు కదా సర్."

ఆయన నాకేసి తిరిగారు. మొహంలో కోపం లేదు, అదే నాకు భయం వేసింది. "నీకు మాత్రం తెలుసా? ఒక మెషిన్ బొమ్మ గీసింది. స్కాన్ ఉందా? లేదు. ఆ అమ్మాయి నొప్పని చెప్పిందా? లేదు. అయినా నీకెందుకు అంత బాధ? ఏ టీమ్‌వి నువ్వు?"

మేడమ్ నేలకేసి చూస్తోంది. నేను మెట్లు దిగాను. కుడి మోకాల్లో సూది.

ఆ సాయంత్రం బీచ్ రోడ్డు మీద అరుంధతి దొరికింది. కామెట్స్ టీము దిగిన హోటల్ అక్కడే. టోపీ కిందికి లాక్కుని, సముద్రం వైపు గోడ మీద కూర్చుని, కాల్చిన మొక్కజొన్న కంకి ఒలుచుకుని తింటోంది. నేను వస్తుంటే తల ఎత్తింది. నా మొహం కాదు, నా కాళ్ళు చూసింది. కంకి నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఆగు. నాలుగడుగులు ఎనకకి పోయి మళ్ళా నడువు."

ఎందుకో నడిచాను.

"నువ్వెవరే? నా లెక్కనే నడుస్తున్నవ్."

చెప్పాను. నీడ గురించి, ప్రాక్టీసు గురించి, నా మోకాలి గురించి, తెర మీద తెగిన గీత గురించి, ఒక్క ఊపిరిలో అన్నీ. మా ప్లాన్ మాత్రం చెప్పలేదు. నేను వేవ్స్ మనిషిని, అంతమాత్రం విశ్వాసం నాకూ ఉంది. "రేపు ఒక్కసారి స్కాన్ తీయించుకో అరూ. ఇంక నేనేమీ అడగను."

"నా మోకాలు మంచిగనే ఉన్నది."

"మెట్లు దిగేటప్పుడు చిప్ప వెనకాల పొడుస్తుంది. పొద్దున్న లేవగానే మడత పడదు. ఎక్కువసేపు కూర్చుంటే పక్కకి చాపుకోవాలి."

గోడ మీద ఆమె కుడికాలు పక్కకి చాపి ఉంది. ఆమె దాన్ని చూసుకుంది, నన్ను చూసింది, ఒక్క క్షణం ఆమె మొహంలో భయం తొంగి చూసింది. మరుక్షణం తలుపు మూసినట్టు మూసుకుపోయింది. పగలబడి నవ్వింది.

"మీ సారు పంపిండా?"

"లేదు! ఆయనకి తెలిస్తే నన్ను చంపేస్తారు!"

"మస్తు ప్లాన్ ఏసిండ్రు పో. ఆఖరి మ్యాచ్ ముంగట ఒక పిల్లను పంపుడు, నాలెక్క నడిపిచ్చుడు, కాలు ఇరుగుతదని బెదిరిచ్చుడు. నేను ఇగ భయపడి బెంచీ మీద కూసోవాలె, లేకుంటే కాలు సూస్కుంటా సూస్కుంటా ఆడాలె. గంతేనా?"

"నేను నిజంగా..."

"నువ్వు నిజం జెప్తున్నవే అనుకో. నువ్వే నా జాగల ఉంటే నమ్ముతవా?"

నమ్మను. ఎవరు నమ్ముతారు? ఆమె కంకి బొండు పక్కనే ఉన్న చెత్తబుట్టలో గురిచూసి వేసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నడక మరీ తిన్నగా నడిచింది. నాకు చూపించడానికన్నట్టు.

ఇంటికి వెళ్ళి అమ్మకి మొత్తం చెప్పేశాను. అమ్మ చారులో పోపు పెడుతూ విన్నది.

"అంటే ఆ పిల్ల నొప్పి నీ కాల్లోకి వచ్చీసిందా? ముందా తొడుగు తగలబెట్టీ."

"విప్పేశానే. ఇంక వేసుకోను."

"విప్పీసినా నడక పోలేదు కదే," అని గరిటె పక్కన పెట్టి నా కాలు ఒళ్ళోకి లాక్కుంది. మోకాలి చుట్టూ మెల్లగా రాస్తూ, "నిజం చెప్పు. ఆ పిల్ల ఆడకపోతే మీరు గెలుస్తారు కదా?" అంది.

"అమ్మా!"

"అడిగాను, అంతే."

కన్నతల్లికే అలా అనిపించిందంటే ఇంక బయటివాళ్ళ సంగతి చెప్పేదేముంది. ఐదో మ్యాచ్ రోజు డ్రెస్సింగ్ రూములో అడుగు పెట్టేసరికి పుష్యమి ఫోన్ నా మొహం ముందు పెట్టింది. బీచ్ రోడ్డు మీద ఎవరో అరుంధతిని ఫోటో తీసుకున్నారు. పక్కన నేను, చేతులు ఊపుతూ.

"మన ప్లానంతా అప్పచెప్పొచ్చావా? ఎంత బాగా వివరిస్తున్నావో చూడు!"

"ప్లాన్ చెప్పలేదు పుష్యమీ. ఆవిడ కాలు గురించి..."

"అదేగా ప్లాను!"

సర్ నన్ను పక్కకి పిలవనైనా పిలవలేదు. "బెంచీ చివర కూచో," అన్నారంతే.

ఆ రోజు ఇండోర్ స్టేడియం చూడాలి! ఊపిరి పీల్చడానికి చోటు లేదు. డప్పులు, ఈలలు, మెట్ల మీద కూడా జనం. మావాళ్ళు సర్ చెప్పినట్టే కుడి పక్క మూసేశారు. అరుంధతి ఎడమకి వెళ్ళింది. మొదటిసారి ఎగిరి దిగినప్పుడు బెంచీ మీద నా కుడికాలు దానంతట అది బిగిసింది. రెండోసారి, మూడోసారి. మెషిన్ చెప్పిన మూడు దాటిపోయింది, ఏమీ కాలేదు! మెషిన్ తప్పు, మేడమ్ తప్పు, నేను పిచ్చిదాన్ని అనుకుని ఎంత సంబరపడ్డానో. కానీ ఆఖరిదైన నాలుగో భాగం వచ్చేసరికి ఆమె దిగిన ప్రతిసారీ పెదవి కొరుక్కుంటోంది. తన టీము బెంచీ వైపు చూడడం లేదు. ఎవరైనా ఎలా ఉందని అడుగుతారేమోనని భయం. ఆ భయం నాకు తెలుసు, నెల రోజులుగా ఆమె ఒళ్ళునే నేనూ మోస్తున్నాను.

ఆఖరి నిమిషంలో పుష్యమికి ఐదో ఫౌల్ పడింది. ఐదు పడితే బయటికే. మేము ఒక్క పాయింటు పైన ఉన్నాం. బంతి వాళ్ళది. సర్ బెంచీ పొడుగునా చూసి, పళ్ళు నూరుకుని, నా దగ్గర ఆగారు.

"దాన్ని ఎరిగినదానివి నువ్వొక్కతివే. నిన్ను నమ్మి కాదు, ఇంకో దారి లేక పంపిస్తన్నా. ఎడమకి. అర్థమయిందా?"

తలూపాను.

కోర్టులోకి వెళ్ళి అరుంధతి ఎదురుగా నిలబడ్డాను. చెమట కారుతోంది ఆమె గడ్డం మీదనుంచి. "ఒచ్చినవా, డాక్టరమ్మా," అంది బంతి నేలకి కొడుతూ. ఎదురెదురుగా ఇద్దరం ఒకే తీరున వంగి ఉన్నాం, బరువు ఇద్దరిదీ ఎడమ కాలి మీదే. అద్దంలో చూసుకుంటున్నట్టు ఉంది.

అప్పుడు నేను జరిగాను. ఆమె కుడి పక్క పూర్తిగా వదిలేసి, ఆమె ఎడమ పక్కకి అడ్డంగా నిలబడ్డాను. ఆమెకి ఇష్టమైన పక్క, రింగు దాకా ఖాళీ. మంచి కాలితో ఎగురుతుంది, రెండు పాయింట్లు, కప్పు వాళ్ళది. నన్ను టీములోంచి తీసేస్తారు. తీసేయనీ. ఆ మోకాలు మిగులుతుంది.

బెంచీ నుంచి సర్ అరుపు వినిపించింది. "ఎడమకే! ఎడమకి తోలవే!"

అరుంధతి ఆగింది. ఖాళీగా ఉన్న దారి చూసింది. నన్ను చూసింది. రింగు కింద ఎవరైనా దాక్కున్నారేమోనని వెతికింది. ఎవరూ లేరు. గడియారం పరిగెడుతోంది, జనం లేచి నిలబడ్డారు, నేను గొంతు చించుకుని "వెళ్ళవే! కుడికి వెళ్ళు!" అని అరిచాను.

ఆమె కళ్ళు సన్నబడ్డాయి.

నేను అడ్డంగా ఉన్న వైపుకే వచ్చింది. ఎడమకి. భుజంతో నన్ను తోసుకుని, కుడికాలు నేల మీద నాటి, ఎగరబోయింది. చప్పుడు చిన్నది. ఎండుపుల్ల విరిచినట్టు. అంత గోలలోనూ అది నాకు వినపడింది. బంతి ఎటో దొర్లిపోయింది, హారన్ మోగింది, మేం కప్పు గెలిచాం.

ఎవరో నన్ను ఎత్తుకున్నారు. నేను కిందికి దిగాలని తన్నుకుంటున్నాను, వాళ్ళు సంతోషం అనుకుంటున్నారు. పుష్యమి ఏడుస్తూ నన్ను వాటేసుకుంది. "సారీనే దమ్మూ! బీచ్‌లో కలిసిందీ, భయపెట్టిందీ, అంతా ఇందుకా? ముందే చెప్పొచ్చు కదే!"

"కాదు పుష్యమీ, కాదు..."

సర్ నా తల మీద చెయ్యి వేశారు. "ఇన్నేళ్ళ కోచింగులో ఇట్టాంటి డిఫెన్స్ చూళ్ళేదమ్మాయ్. దారి తెరిచి మరీ అటు పోనీకుండా చేశావ్! నేను చెప్పింది ఎడమకి తోలమని. నువ్వు తోలలా, నడిపించావ్!"

ఆయన భుజం మీదుగా చూస్తే, అరుంధతి నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది, మోకాలు రెండు చేతులతో పట్టుకుని. అరవడం లేదు. నన్నే చూస్తోంది.

మర్నాడు పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళాను. లోపలికి రానివ్వరనుకున్నాను. నర్సు వెళ్ళి అడిగి వచ్చి, "రమ్మంటున్నారు, ఒక్కరినే," అంది.

కాలికి తొడ నుంచి పిక్క దాకా బద్దలు కట్టి ఉన్నాయి. ఆపరేషన్ సాయంత్రం. మళ్ళీ ఎప్పుడు ఆడుతుందో, అసలు ఆడుతుందో లేదో డాక్టర్లు చెప్పలేదట. కుర్చీ కేసి చూపించింది. కూర్చున్నాను. కూర్చోగానే నా కుడికాలు దానంతట అది పక్కకి జరిగింది. సిగ్గేసి వెనక్కి లాక్కున్నాను.

"నీకింకా నొస్తాందా?"

"కొంచెం."

"కుడి దిక్కు ఎందుకు ఇడిసినవ్?"

"నీ మోకాలు కాపాడదామని. ఒట్టు అరూ. మ్యాచ్ పోయినా ఫరవాలేదనుకున్నాను."

"ఊఁ." కిటికీ వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "నాకు ఎవ్వలన్న దారి ఇస్తే నేను పోను. పోరగాండ్లతోని గల్లీల ఆడినప్పటి సంది గంతే. ఇచ్చిన దారిల ఏదో ఉంటదనిపిస్తది. నెల దినాలు నువ్వు నేనైనవ్ గదా. గది తెల్వలేదా నీకు?"

"నీడ కండరాల వరకే. బుర్రలోకి వెళ్ళదు. కావాలంటే మేడమ్‌ని అడుగు."

ఆమె తలగడ కింద నుంచి ఫోన్ తీసింది. నిన్నటి మ్యాచ్, ఆఖరి క్షణాలు. వేగం బాగా తగ్గించి పెట్టింది. చిన్న తెర మీద మేమిద్దరం ఎదురెదురుగా వంగి ఉన్నాం. నా నోరు తెరుచుకుంటోంది, కుడికి వెళ్ళమని అరుస్తున్నాను. అరుంధతి ఇంకా కదల్లేదు. భుజం కదల్లేదు, కళ్ళు కుడి వైపే ఉన్నాయి.

నా కుడి కాలు లేచి, సరిగ్గా ఆమె తర్వాత తోసుకుని రాబోయే చోట, గట్టిగా నాటుకుంది. ఆ తర్వాతే ఆమె తిరిగింది.

"నేను తిరగకముందే నీ కాలు ఆడికి పోయింది," అంది. "సూసినవా? నేను అటే వస్తనని నీకు ఎరికే."

"నాకు తెలియదు."

"మరి కాలెందుకు పోయింది?"

కోపంగా అడిగి ఉంటే ఏడ్చి కాళ్ళు పట్టుకునేదాన్ని. కోపం లేదు. నిజంగా తెలుసుకుందామని అడుగుతోంది. నేను ఆ నిమిషాన్ని లోపల వెతుక్కున్నాను. కుడికి వెళ్తుందనుకున్నాను, ఆ మాట ఎంత గట్టిగానైనా చెప్పగలను. కానీ కాలు ఎప్పుడు లేచిందో నాకు గుర్తు లేదు. లేపింది నేనో, ఆమెలా కదలడం నేర్చుకున్న ఒళ్ళో, కప్పు కావాలనుకున్న మరో దమయంతో, ఎవరిని అడిగినా వచ్చే జవాబు నేనే నమ్మను.

"నాకు తెలియదు అరూ," అన్నాను మళ్ళీ.

ఆమె నా మొహం చూడలేదు. డిఫెన్స్ ఆడే మనిషిని చదివినట్టు, నా నడుము దగ్గర చూపు నిలిపి కాసేపు చదివింది. తర్వాత పక్కకి జరిగి, మంచం అంచున నాకు చోటు ఇచ్చి, ఫోన్ మా ఇద్దరికీ మధ్యలో పెట్టి, వీడియోని మళ్ళీ మొదటికి జరిపింది.